ఒంట్లో ఇంత కాపలా ఉండగా గడ్డ ఎలా పెరిగింది?

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నాన్నకి 61 ఏళ్లు. ఎడమ దవడ లోపల క్యాన్సర్. కిందటేడు ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అయ్యాయి. ఎనిమిది నెలలు బాగానే తిరిగారు. ఇప్పుడు మెడ దగ్గర మళ్లీ వచ్చింది, ఈసారి కోయడానికి వీల్లేదన్నారు. గడ్డ ముక్కని పీడీ-ఎల్1 పరీక్షకి పంపితే "సీపీఎస్ 25" అని రిపోర్టు వచ్చింది. ఇమ్యునోథెరపీ పనిచేసే అవకాశం ఉందని డాక్టరుగారు అన్నారు.

డబ్బు సంగతి తర్వాత అడుగుతాను. ముందు బుర్రని తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. నాన్న జ్వరంతో మంచం ఎక్కడం నాకు గుర్తులేదు. పొలంలో కాలికి కొడవలి తగిలితే పసుపు అద్దుకుని మళ్లీ చేలోకి దిగిపోయే మనిషి. రక్తపరీక్షలో తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. అలాంటి ఒంట్లో ఇంత గడ్డ పెరుగుతుంటే కాపలా అంతా ఏం చేస్తున్నట్టు? మా మేనత్త "ఇమ్యూనిటీ పడిపోయింది, అందుకే" అని ఏదో పొడి తెచ్చిపెట్టింది. డాక్టరుగారేమో "ఆయన ఇమ్యూనిటీ బాగుంది, మనకి అదే ఆశ" అన్నారు. ఈ రెండు మాటలూ ఎలా కలుస్తాయి? బయట వంద మంది ఎదురుచూస్తుంటే ఆయన్ని కూర్చోబెట్టి అడగలేకపోయాను.

ఆరోగ్యసిరి99 · ఆదివారం, రాత్రి 9:58

[ఈ పోస్టు తీసేశాం. మందులు అమ్ముకోవడం, ఫోన్ నంబర్లు ఇవ్వడం ఇక్కడ కుదరదు. — నిర్వాహకులు]

టీకణం · ఆదివారం, రాత్రి 10:31

గోదారిగట్టు గారూ, మీ డాక్టరుగారి మాటే నిజం. నేను హైదరాబాద్‌లో ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నేను చూసేది ఎలుకల్ని, మనుషుల్ని కాదు. ఆ తేడా మనసులో పెట్టుకుని చదవండి.

వడ్ల మిల్లు దగ్గర చూసే ఉంటారు, బస్తా విప్పకుండా గొట్టం పొడిచి గుప్పెడు గింజలు బయటికి తీస్తారు. మన ఒంట్లో ఎర్ర రక్తకణాల్లాంటి కొన్నింటిని మినహాయిస్తే ప్రతి కణమూ ఆ శాంపిల్ తానే తీసి చూపిస్తుంది. లోపల తయారైన ప్రోటీన్లను చిన్న తునకలు చేసి, ఎనిమిది పది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కలను పైపొర మీదికి తెచ్చి పట్టుకుంటుంది. అలా పట్టుకునే పళ్లెం పేరు ఎంహెచ్‌సీ-1. టీ కణాలనే ఒక రకం తెల్లకణాలు ఒళ్లంతా తిరుగుతూ ఆ గింజల్ని తడుముతుంటాయి. వైరస్ ముక్క తగిలినా, డీఎన్‌ఏ చెడి పుట్టిన వింత ముక్క తగిలినా ఆ కణాన్ని అక్కడే చంపేస్తాయి.

గడ్డ ఆడే మొదటి దొంగాట ఆ పళ్లెం దాచేయడం. పళ్లెం నిలబడాలంటే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ ఆసరా ఉండాలి. దాని జన్యువు పోతే పళ్లాలన్నీ ఒక్కసారే పోతాయి. ఇంకొన్ని గడ్డలు తెలివిగా సగమే వదిలించుకుంటాయి. పళ్లాల జన్యువులు అమ్మ వైపు నుంచి ఒక సెట్టు, నాన్న వైపు నుంచి ఒక సెట్టు వస్తాయి కదా, తన గుట్టు చూపిస్తున్న సెట్టుని మాత్రం పారేస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకంలో దాదాపు 40 శాతం గడ్డలు ఇలా ఒక సెట్టు పోగొట్టుకున్నాయని 2017లో తేలింది.

సగం ఎందుకు, మొత్తం పారేయొచ్చుగా అంటారేమో. శాంపిలే చూపించని బస్తా మీద అనుమానం ఇంకా ఎక్కువ. పళ్లెం లేని కణాన్ని వెతికి చంపడానికి ఎన్‌కే కణాలని వేరే దళం ఉంది. 1986లో స్వీడన్‌లో క్లాస్ కారే బృందం ఎలుకల్లో చూపించింది దీన్నే. అందుకని గడ్డ మరీ ఎక్కువ చూపించకూడదు, అసలు చూపించకుండానూ ఉండకూడదు.

మీ నాన్నగారి రిపోర్టులో ఉన్నది వేరే ఎత్తు. దాని గురించి రేపు రాస్తాను, ఇంక్యుబేటర్ అలారం మోగుతోంది.

పాతలెక్చరర్ · సోమవారం, ఉదయం 6:15

అమ్మాయ్, బాగా రాశావు. కానీ ఒక సందేహం. నేను జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా రోజుల్లో ఈ "కాపలా" సిద్ధాంతాన్ని పాఠంగా చెప్పి, వెంటనే "ఇది నిలబడలేదు" అని చేర్చేవాళ్లం. బర్నెట్, లూయిస్ థామస్ 1957 ప్రాంతాల్లో చెప్పారు, శరీరం పుట్టుకొచ్చే క్యాన్సర్లను ఎప్పటికప్పుడు ఏరేస్తుందని. 1974లో స్టట్‌మన్ టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి లేని బోడి ఎలుకలకు క్యాన్సర్ కారకం ఎక్కించి చూశాడు. మామూలు ఎలుకలకెన్ని గడ్డలో వాటికీ అన్నే. టీ కణాలు లేకపోయినా తేడా లేదంటే అవి క్యాన్సర్‌ను అసలు పట్టించుకోవనేగా అర్థం? మరి ఇప్పుడు దాక్కోవడం, దొంగాట అంటున్నారు. చూడనివాడి దగ్గర దాక్కోవడం దేనికి?

టీకణం · సోమవారం, మధ్యాహ్నం 1:20

సార్, ఈ ప్రశ్న మా గైడ్ నన్ను ఇంటర్వ్యూలో అడిగారు. అప్పుడు తడబడ్డాను, ఇప్పుడు చెప్తాను.

స్టట్‌మన్ ప్రయోగం తప్పు కాదు, ఎలుకలే ఆయన అనుకున్నంత బోడివి కావు. వాటిలో కొద్దిగా టీ కణాలు ఉంటాయి, ఎన్‌కే కణాలైతే నిండుగా ఉంటాయి. ఎన్‌కే కణాలనేవి ఉన్నాయనే అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. తర్వాత టీ, బీ కణాలు రెండూ ఒక్కటి కూడా తయారు కాని ఎలుకలు వచ్చాయి. 2001లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ ష్రైబర్ బృందం అదే రకం కారకంతో మళ్లీ చేస్తే వాటికి గడ్డలు స్పష్టంగా ఎక్కువ వచ్చాయి.

అందులో నాకు నచ్చింది రెండో భాగం. కాపలా లేని ఎలుకలో పెరిగిన గడ్డ ముక్కని తీసి మామూలు ఎలుకలో పెట్టారు. అలాంటివాటిలో సుమారు 40 శాతాన్ని మామూలు ఎలుకలు తిప్పికొట్టాయి. మామూలు ఎలుకలో, అంటే కాపలా మధ్య పెరిగిన గడ్డని ఇంకో మామూలు ఎలుకలో పెడితే హాయిగా పెరిగింది. కాపలా లేనిచోట పెరిగినది అమాయకపు గడ్డ, కాపలా ఉన్నచోట పెరిగినది ఆరితేరిన గడ్డ. ష్రైబర్ వాళ్లు దీనికి "ఇమ్యునోఎడిటింగ్" అని పేరు పెట్టారు. మొదట ఏరివేత, తర్వాత ఏళ్ల తరబడి సరిసమానంగా తోపులాట, చివరికి తప్పించుకోవడం.

నాటుమడి · సోమవారం, మధ్యాహ్నం 2:05

టీకణం మేడం, ఈ ఎడిటింగ్ మాకు కొత్త కాదు. నల్గొండల మా మడిల ప్రతి ఏడు చూసేదే. వరిల ఊద.

నాటేసిన ఇరవై రోజులకు కూలీలు దిగి కలుపు తీస్తరు. తేడాగ కనబడ్డదాన్ని పీకేస్తరు. మొదలు ఎర్రగున్నది, పక్కకు పరుచుకున్నది ముందు పోతది. వరి లెక్క నిటారుగ, పచ్చగ నిలబడ్డ ఊద చేతికి దొరకది. ఎన్ను తీసినంక గాని తెల్వది, అప్పటికి గింజ రాలుతనే ఉంటది. వచ్చే ఏడు మడిల మొలిచేది ఆ దొరకనిదాని పిల్లలే. తరతరాలు చేత్తోని కలుపు తీసిన దేశాలల్ల ఊద వరి పోలికకు వచ్చిందని అగ్రికల్చర్ బీఎస్సీల మాకు చెప్పిన్రు. వరి లెక్క కమ్మని దానికెవరు చెప్పలే. పీకినోళ్ల చేతులే దాన్ని అట్ల చేసినయ్.

గుర్తుపట్టే కిటుకు కూడ ఉంది. ఆకు, కాడ కలిసేకాడ వరికి పల్చటి పొర ఉంటది, ఊదకు ఉండది. కానీ ఎకరం మడిల ఒక్కో మొక్క వంగి చూసేదెవరు?

టీకణం · సోమవారం, మధ్యాహ్నం 2:31

నాటుమడి గారూ, ఈ ఊదని నా థీసిస్ ముందుమాటలో పెట్టుకోవచ్చా? నిజంగానే అడుగుతున్నాను.

గోదారిగట్టు గారూ, ఇక మీ రిపోర్టు. ఆ మడిలోనే ఉండి చూడండి. ఊద వరిలా నటించడం మొదటి విద్య. రెండో విద్య ఇంకా గడుసుది. కూలీలు దాన్ని గుర్తుపట్టారు, చెయ్యి వేయబోతున్నారు, అప్పుడు ఊద మేస్త్రీ గొంతుతో "ఇంక చాలు, గట్టెక్కండి" అని అరిచిందనుకోండి. పీడీ-ఎల్1 ఆ అరుపు.

టీ కణం మీద పీడీ-1 అనే గ్రాహకం ఉంటుంది. 1992లో క్యోటోలో తసుకు హోంజో ల్యాబులో దొరికింది. క్యాన్సర్ కోసం పుట్టింది కాదది. జలుబో జ్వరమో తగ్గాక టీ కణాలు ఆగకపోతే మన ఒళ్లునే తినేస్తాయి, అందుకని మన శరీరం పెట్టుకున్న బ్రేకు. మామూలు కణజాలం కూడా అవసరమైనప్పుడు పీడీ-ఎల్1 చూపించి ఆ బ్రేకు నొక్కుతుంది. గడ్డ దాన్ని అరువు తెచ్చుకుంది, అంతే. సీటీఎల్‌ఏ-4 అని ఇంకో బ్రేకు ఉంది, దాన్ని మూస్తే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని జేమ్స్ ఆలిసన్ 1996లో చూపించారు. 2018 నోబెల్ ఆ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

మరి సీపీఎస్ 25 మంచిదెలా అయింది? బతికున్న గడ్డ కణాలు వందకి, పీడీ-ఎల్1 చూపించే కణాలు (గడ్డవీ, చుట్టూ చేరిన రక్షక కణాలవీ కలిపి) 25 లెక్కకొచ్చాయని ఆ అంకె అర్థం. చాలా గడ్డలు ఊరికే పీడీ-ఎల్1 పెట్టవు. టీ కణాలు దగ్గరికొచ్చి ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత రసాయనం చల్లినప్పుడు పెడతాయి. అంటే కూలీలు మడిలోకి దిగారు, ఊద దగ్గరే నిలబడి ఉన్నారు. లేనిదల్లా చెయ్యి కదలడమే. ఆ అరుపు వాళ్లకి వినపడకుండా చేసేదే ఇమ్యునోథెరపీ మందు. మీ డాక్టరుగారు "అదే ఆశ" అన్నది ఇందుకే అయ్యుంటుంది. కొన్ని గడ్డల్లో టీ కణాలు గట్టు దగ్గరే ఆగిపోతాయి, లేదా అసలు రానే రావు. అక్కడ అరుపు ఆపినా లాభం తక్కువ.

అంకె ఎక్కువుంటే తప్పక పనిచేస్తుందని గానీ, తక్కువుంటే చేయదని గానీ అనుకోకండి. రెండు వైపులా మినహాయింపులు బోలెడు.

పశువులడాక్టర్ · సోమవారం, రాత్రి 8:47

ఇక్కడ అందరూ మనుషుల గురించి, ఎలుకల గురించి మాట్లాడుతున్నారు. నాకు తెలిసినది కుక్కల గోల. కొంచెం పక్కదారే, అయినా సంగతి ఇదే కాబట్టి చెప్తాను.

మాది కృష్ణా జిల్లా. మా ఆస్పత్రికి నెలలో రెండు మూడైనా వస్తాయి, వీధికుక్కకి వెనక భాగంలో కాలీఫ్లవర్‌లాంటి గడ్డ, రక్తం కారుతూ. సీటీవీటీ అంటాం. అది కుక్కకి పుట్టిన గడ్డ కాదు, అంటుకున్న గడ్డ. జత కట్టినప్పుడు, నాకినప్పుడు బతికున్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి దిగుతాయి. వైరస్ లేదు, ఏమీ లేదు. ప్రపంచంలో ఎక్కడి కుక్కలో ఆ గడ్డ తీసి డీఎన్‌ఏ చూసినా ఆ కుక్కది కాదు, వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒకే ఒక్క కుక్కది. ఆ కుక్క పోయింది, దాని క్యాన్సర్ ఇంకా ఊళ్లు తిరుగుతోంది. 1876లో నోవిన్‌స్కీ అనే రష్యన్ పశువైద్యుడు ఈ గడ్డ ముక్కనే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటించి చూపించాడు.

ఇప్పుడు ఆలోచించండి. వేరే మనిషి కిడ్నీ పెడితే మన ఒళ్లు ఊరుకోదు, జీవితాంతం మందులు వాడాలి. మరి వేరే కుక్క కణాల్ని కుక్క ఎలా రానిచ్చింది? టీకణం గారు చెప్పిన పళ్లేలు. గడ్డ పెరిగే దశలో దాని కణాల్లో బహు కొద్దింటికే పళ్లెం ఉంటుంది. టీజీఎఫ్-బీటా అనే రసాయనం వదిలి పళ్లేల్ని అణిచేస్తుంది, వచ్చిన రక్షక కణాల్నీ మత్తులో పెడుతుంది. ప్రయోగాల్లో చూసింది ఏంటంటే, కొన్ని నెలలకి కుక్క టీ కణాలు ఐఎల్-6 అనే ఇంకో రసాయనం వదిలి ఆ మత్తు విరగ్గొడతాయి, పళ్లేలు మళ్లీ బయటపడతాయి, గడ్డ దానంతటదే కరుగుతుంది. అలా గెలిచిన కుక్కకి మళ్లీ అంటించాలన్నా అంటదు. కుక్కపిల్లలకీ, నీరసించిన కుక్కలకీ అయితే లోపలికి పాకుతుంది.

మేం వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తాం. నాలుగైదు డోసులకి చాలా కుక్కల్లో గడ్డ మాయం. కణాల్ని చంపే మందు కాబట్టి పోయిందని అనుకునేవాణ్ని. ఈ మధ్య చదివింది ఏంటంటే, ఆ మందు దెబ్బకి చుట్టూ ఉన్న చర్మకణాలు కేకలు పెట్టి కుక్క సొంత రక్షక కణాల్ని లోపలికి పిలుస్తాయట, మిగతా పని అవే చేస్తాయట. బస్టాండు దగ్గర గోధుమరంగు ఆడకుక్క ఒకటి, మూడో ఇంజెక్షన్‌కి పట్టుకోబోతే నన్ను కరిచి పారిపోయింది. చిక్కలేదు. రెండు నెలలకి చూస్తే గడ్డ లేదు. మందు గొప్పదనమో, దానిదో చెప్పలేను. నాకు మాత్రం అయిదు రేబిస్ సూదులు పడ్డాయి.

నైట్‌డ్యూటీ · సోమవారం, రాత్రి 11:52

డాక్టరుగారూ, కరిచినా రుణం తీర్చుకుంది. 🙂 టాస్మేనియాలో డెవిల్ అనే జంతువుకీ ఇలాంటిదే ఉంది. 1996లో మొదట కనిపించింది, ముఖాలు కొరుక్కున్నప్పుడు అంటుతుంది. అక్కడా అదే కథ, పళ్లెం జన్యువులు పోలేదు, స్విచ్ మాత్రం ఆఫ్‌లో ఉంది. ఇంటర్‌ఫెరాన్-గామా తగిలిస్తే ఆన్ అవుతుంది. తేడా ఏంటంటే మన కుక్కలు ఆ గడ్డతో వేల ఏళ్లు కాపురం చేశాయి, డెవిల్‌కి అంత వ్యవధి దొరకలేదు. చాలాచోట్ల ఆ జంతువులే కరువయ్యాయి.

నేను క్యాన్సర్ వార్డులో పనిచేసే డాక్టర్ని. టీకణం చెప్పిన "తోపులాట" దశ మనుషుల్లో ఉందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పే కేసు 2003లో స్కాట్లండ్ నుంచి వచ్చింది. ఒకే దాత కిడ్నీలు రెండూ ఇద్దరికి పెట్టారు. ఇద్దరికీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చింది. ఆరా తీస్తే దాతకి 16 ఏళ్ల కిందట మెలనోమా తీసేశారు, నయమైపోయిందని వదిలేశారు. పదహారేళ్లూ ఆ కణాలు కిడ్నీలో కూర్చునే ఉన్నాయి, దాత ఒళ్లు వాటిని తల ఎత్తనివ్వలేదు. ఇమ్యూనిటీని అణిచే మందులు వాడుతున్న కొత్త ఒంట్లోకి వెళ్లగానే లేచాయి.

ఇంజనీర్‌బుర్ర · మంగళవారం, ఉదయం 9:10

నాకో డౌట్. బ్రేకులు ఇన్ని ఉన్నాయని తెలిసినప్పుడు అన్నీ ఒకేసారి పీకేస్తే పోలా? లేదా ఇంజిన్‌నే పెంచేస్తే? ఇమ్యూనిటీ బూస్టర్ అంటే అదేగా?

నైట్‌డ్యూటీ · మంగళవారం, ఉదయం 9:34

ఇంజిన్ పెంచితే ఏమవుతుందో 2006లో లండన్‌లో తెలిసింది. టీజీఎన్1412 అనే మందు, టీ కణాల్ని నేరుగా రెచ్చగొట్టేది. ఆరుగురు ఆరోగ్యవంతులకి మొదటిసారి ఇచ్చారు. కొన్ని గంటల్లో ఆరుగురూ ఐసీయూలో ఉన్నారు. ప్రాణాలు దక్కాయి గానీ వేళ్లు పోయినవాళ్లున్నారు. ఇమ్యూనిటీ నిజంగా "బూస్ట్" అయితే ఇలా ఉంటుంది. డబ్బాల్లో అమ్మేవాటికి అంత సీన్ లేదు కాబట్టి బతికిపోతున్నాం.

సీన్ లేకపోయినా కాలేయానికి దెబ్బ తగలొచ్చు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన ఆరుగురి గురించి ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన ఉంది. కానీ ఇమ్యునోథెరపీ మొదలుపెట్టాక కాలేయం వాస్తే అది మందు వల్లనా, పొడి వల్లనా తేల్చుకోలేక మేం తల పట్టుకుంటాం. గోదారిగట్టు గారూ, అత్తయ్యగారిని నొప్పించకుండా ఆ పొడి డబ్బాని డాక్టరుకి ఒకసారి చూపించండి.

టీకణం · మంగళవారం, ఉదయం 11:05

బ్రేకుల సంగతి. ఐడీవో అనే ఎంజైమ్ ఉంది, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తినేసి టీ కణాల్ని పస్తు పెడుతుంది. 1998లో గర్భంతో ఉన్న ఎలుకల్లో దాన్ని ఆపితే తల్లి ఒళ్లు పిండాన్ని తిప్పికొట్టింది. అంటే కడుపులో బిడ్డని కాపాడే ఏర్పాటు అది. గడ్డలూ దాన్నే వాడుకుంటున్నాయని తెలిసి అందరం ఎగిరి గంతేశాం. దాన్ని ఆపే ఎపకాడోస్టాట్ అనే మందుని పీడీ-1 మందుకి జతచేసి మెలనోమా రోగుల్లో పెద్ద ట్రయల్ చేస్తే, 2018లో ఫలితం వచ్చింది: అదనంగా ఏ లాభమూ లేదు. ఉన్న బ్రేకుల్లో ఆ గడ్డ ఏది తొక్కుతోందో తెలియకుండా పీకితే ఇంతే.

అసలు మేస్త్రీలు కూడా ఉన్నారు మరి. రెగ్యులేటరీ టీ కణాలు, మిగతా టీ కణాల్ని అదుపులో పెట్టేవి. 2025 నోబెల్ వాటికే వచ్చింది, సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకి. చాలా గడ్డలు సంకేతాలు పంపి వాటిని తమ చుట్టూ చేర్చుకుంటాయి. అక్కడ ఊద గొంతు మార్చనక్కర్లేదు, నిజం మేస్త్రీనే కూలికి పెట్టుకుంది.

డల్లాస్‌వదిన · మంగళవారం, రాత్రి 7:22

మావారికి కిడ్నీ క్యాన్సర్, నాలుగో స్టేజి. టీకణం చెప్పిన బ్రేకుల్లో రెండింటికీ మందులు కలిపి ఇచ్చారు, ఇపిలిముమాబ్, నివోలుమాబ్. గడ్డలు బాగా తగ్గాయి, ఇప్పుడు మూడో ఏడు. మెచ్చుకోవలసిందే. కానీ ఆరో వారంలో విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకి పది సార్లు. నేను ఏదో తిని ఉంటారని పెరుగన్నం పెడుతూ కూర్చున్నాను. ఆస్పత్రికి వెళ్తే పేగు వాచింది, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆ తర్వాత థైరాయిడ్ పూర్తిగా పోయింది, ఇప్పుడు పొద్దున్నే మాత్ర. గోదారిగట్టు, నాన్నగారికి మొదలుపెడితే విరేచనాలు, దగ్గు, ఆయాసం ఏది వచ్చినా "వాతావరణం" అనుకోవద్దు నాయనా. వెంటనే ఫోన్ చెయ్యి.

గోదారిగట్టు · మంగళవారం, రాత్రి 9:15

వదినగారూ, గుర్తుపెట్టుకుంటాను. డబ్బా చూపించాను, డాక్టరుగారు ఆపమన్నారు. అత్త రెండు రోజులు మాట్లాడదు, పర్లేదు.

ఇప్పుడు డబ్బు. మామూలు డోసుకి చెప్పిన లెక్క చూస్తే ఎకరం అమ్మినా ఏడాది గడవదు. తక్కువ డోసు పద్ధతి ఒకటుందని, దాంతో పాటు మాత్రలు వాడదామని అన్నారు. తక్కువ డోసంటే సగం వైద్యమేనా అని అనుమానం.

నైట్‌డ్యూటీ · మంగళవారం, రాత్రి 11:40

సగం వైద్యం కాదు. మన దేశంలో మగవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో నోటిదే మొదటి స్థానం, ఆ మందు కొనగలిగేది పిడికెడు మంది. ఆ బాధలోంచే ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు ఒక ట్రయల్ చేశారు. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు. రెండో గుంపుకి అవే మాత్రలతో పాటు నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి. మామూలు డోసు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు, పోల్చుకోండి. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో 16.3 శాతం, రెండో గుంపులో 43.4 శాతం.

ఇంత తక్కువ ఎలా సరిపోతుందంటే, టీ కణాల మీదున్న పీడీ-1 అంతా కప్పడానికి ఆ మందు పెద్దగా అక్కర్లేదు. కప్పేశాక ఇంకా పోస్తే పొంగిపోవడమే. అలాగని పూర్తి డోసుతో నేరుగా పోల్చిన ట్రయల్ కాదిది, డోసు రెంటికీ ఒకటేనని నేననను. ఇంకో నిజమూ చెప్పాలి. సగం మంది బతికి ఉన్న కాలం చూస్తే 6.7 నెలలు 10.1 నెలలయింది. కొంతమందికి ఏమీ లాభం ఉండదు, కొంతమందికి ఏళ్లు కలిసొస్తాయి. మీ నాన్నగారు ఏ వైపో ముందే చెప్పగలిగిన పరీక్ష ఇంకా లేదు.

పాతలెక్చరర్ · బుధవారం, ఉదయం 5:50

పనిచేసి, ఆ తర్వాత ఆగిపోయేవి కూడా ఉంటాయా? కలుపుమందుకి కలుపు అలవాటుపడ్డట్టు?

టీకణం · బుధవారం, ఉదయం 10:12

ఉంటాయి సార్. 2016లో నలుగురు మెలనోమా రోగుల గడ్డల్ని, మందు ముందువీ, తిరగబెట్టాక వచ్చినవీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరిలో గడ్డ జేఏకే1 లేదా జేఏకే2 జన్యువు పోగొట్టుకుంది. టీ కణాలు చల్లే ఇంటర్‌ఫెరాన్ దానికిక వినబడదు. ఇంకొకరిలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ పోయింది, పళ్లేలు మాయం. మళ్లీ మొదటి విద్యకే వచ్చింది. రక్తక్యాన్సర్లకి ఇచ్చే కార్-టీ కణాల (ల్యాబులో మార్చి ఎక్కించే టీ కణాల) దగ్గరా ఇదే తంతు: సీడీ19 గుర్తు చూసి చంపమని పంపితే, ఆ గుర్తే లేని కణాలు కొన్నిసార్లు మిగిలి పెరుగుతాయి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసి 2023లో అనుమతి తెచ్చుకున్న మన దేశీ కార్-టీ గురి కూడా ఆ సీడీ19 మీదే.

గోదారిగట్టు · పన్నెండు రోజుల తర్వాత, సాయంత్రం 6:30

మొదటి డోసు అయింది. చెయ్యి కాస్త నొప్పి తప్ప ఏమీ లేదు. గంటలో ఇంటికొచ్చేశాం.

నాన్నకి ఊద సంగతి, మేస్త్రీ గొంతు సంగతి చెప్పాను. నోరు పూర్తిగా తెరుచుకోదు కదా, మాట ముద్దగా వస్తుంది. అంతా విని చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత "అయితే ఈ సూది మేస్త్రీ మాట కూలోళ్లకి వినపడకుండా చేస్తదన్నమాట" అన్నారు. అవునన్నాను. "మరి ఆపేవాడు లేకపోతే ఆళ్లు పక్క చేలోకి కూడా దిగి వరి పీకేత్తారు కదరా?"

వదినగారి థైరాయిడ్ సంగతి నేనింకా ఆయనకి చెప్పనే లేదు.

నాటుమడి · సాయంత్రం 6:41

బాపును ఇక్కడ మెంబర్‌ను చెయ్యన్నా.

నైట్‌డ్యూటీ · రాత్రి 10:05

నాన్నగారు అడిగింది అక్షరాలా మా వార్డు సమస్య. పక్క చేను అంటే పేగు, ఊపిరితిత్తి, కాలేయం, థైరాయిడ్, అరుదుగా గుండె. అందుకే రెండో డోసు ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాలేయ పరీక్షలు, షుగర్ చూస్తారు. తక్కువ డోసైనా వదలకండి.

గోదారిగట్టు · రాత్రి 10:11

టీఎస్‌హెచ్ పరగడుపునే ఇవ్వాలా? పొద్దున్నే జావ తాగకపోతే ఆయనకి కళ్లు తిరుగుతున్నాయి.

నైట్‌డ్యూటీ · రాత్రి 10:14

టీఎస్‌హెచ్‌కి అక్కర్లేదు, తాగించే తీసుకెళ్లండి. షుగర్ ఫాస్టింగ్‌ది రాశారేమో చీటీలో ఒకసారి చూసుకోండి.